రోహిణి కార్తెలో మంచు

తెల్లవారి నాలుగున్నరకి
పార్కు మలుపులో పెద్ద చప్పుడైంది.
గోడ కూలిందనుకున్నాను.
కూలింది గోడ కాదు,
ఐసు లారీ వెనక తలుపు.

లోవరాజు బ్రేకు తొక్కిన చోటు నించి
యేసుపాదం పెంచే కనకాంబరాల మడి దాకా
పొడికొట్టిన ఐసు, నాలుగు టన్నులు.
రొయ్యల చెరువు గట్టుకి పోవాల్సిన చలి
భీమవరంలో మా వీధిలో దిగిపోయింది.

రోళ్ళు పగిలే రోజులు.
రాత్రంతా కరెంటు లేదు.
డాబాల మీద తడిగుడ్డలు కప్పుకు పడుకున్నవాళ్ళం
పిట్టగోడల మీంచి వంగి చూశాం.
ఇంకా ఎవరూ అడుగుపెట్టని తెలుపు.
దాని మీంచి పొగ లేస్తోంది.
కాలుతోందో చల్లారుతోందో
కాసేపు తెలీలేదు.

మంచంటే మాకు తెలిసింది
ధనుర్మాసం పొద్దున్నే
గొల్లవానితిప్ప రోడ్డులో
ముందు వెళ్ళే సైకిలు కనబడకపోవడం.
అది కళ్ళకే తగులుతుంది.
ఇది చేతికొచ్చింది.

మొదట దిగింది బుల్లెబ్బాయి, చెప్పుల్లేకుండా.
ఒకడుగేసి "అమ్మోయ్, కాల్తంది" అని అరిచి
రెండో కాలు కూడా పెట్టాడు.
ఆ తర్వాత ఎవరు ఎవర్ని పిలిచారో,
నైటీల మీద తువ్వాళ్ళు, ఎగ్గట్టిన లుంగీలు,
వీధి వీధంతా దిగింది.
షాహీన్ చంకలో ఉన్న తమ్ముడి అరికాలు
ఒక్కసారి ఆనించి తీసింది.
ఏడవాలో నవ్వాలో
వాడు అక్క మొహం చూసి తేల్చుకున్నాడు.
"తినకండర్రా, ఏం నీళ్ళతో చేశారో"
మేడ మీంచి చక్రపాణి మాస్టారు.
అప్పటికే సగం మంది తిన్నారు.

యేసుపాదం మాత్రం తిట్టాడు.
మొక్కలు చచ్చిపోతాయని
పారతో ఐసు లాగుతూ లారీని, లోవరాజుని,
మున్సిపాలిటీని కూడా తిట్టాడు.
తెలుపులోంచి ఒక్కో పువ్వూ బయటపడుతుంటే
తిట్టు నెమ్మదైంది.
"నిప్పురవ్వల్లాగ లేవూ" అన్నాడు,
ఎవరితోనో కాదు.

ఐదున్నరకి షెడ్డు ఆటో వచ్చింది.
రొయ్యలు వొలిచే ఆడవాళ్ళు పదకొండుమంది,
ఒకరి ఒళ్ళో ఒకరు.
దారి లేక ఆగింది.
మరిడమ్మ దిగింది.
పధ్నాలుగేళ్ళుగా రోజుకి పది గంటలు
ఐసులో చేతులు పెట్టే మనిషి.
వేళ్ళ చివర్లు ఆవిడవి కావిప్పుడు,
పెనం మీది అట్టు వట్టి చేత్తో తీస్తుంది.
పిల్లలు గుప్పెళ్ళతో చల్లుకోవడం చూస్తూ
చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడింది.
మాకెందుకో సిగ్గేసింది,
ఆవిడ జీతాన్ని తొక్కుతున్నట్టు.

బుల్లెబ్బాయి గురి పెట్టాడో, గురి తప్పాడో,
ఉండ వెళ్ళి ఆవిడ భుజానికి తగిలి చిట్లింది.
వీధంతా ఆగింది.
మరిడమ్మ భుజం చూసుకుంది.
కుచ్చిళ్ళు దోపి, ఒంగి,
రెండు చేతులా ఎత్తి, ఒత్తి, తిప్పి, ఒత్తి
(మా చేతుల్లో పొడిపొడై రాలిన ఐసు
ఆవిడ మాట విన్నది)
కొబ్బరికాయంత ఉండ చేసి
లోవరాజు లారీ అద్దానికి వేసి కొట్టింది.

ఆటోలో పదిమందీ దిగిపోయారు.

ఆరున్నరకి ఎండొచ్చింది.
ఏడింటికి కాలవలు.
లోవరాజు చప్టా మీద కూర్చుని ఫోన్లో
"ఎంత మిగిలిందంటే ఏం చెప్పనండి" అంటున్నాడు.
ఎనిమిదింటికి తడి కూడా లేదు.
ఆ పదకొండుమందికీ పూట కూలి కోసేశారని
సాయంత్రం తెలిసింది.

మా ఫ్రిజ్‌లో, పైన ఐసు గదిలో,
స్టీలు గిన్నెలో ఒక ఉండ ఉంది.
షెడ్డు నించి ఫోనొస్తే
ఎవరో విసరకుండా గోడ మీద పెట్టి వెళ్ళింది.
నాలుగు వేళ్ళ గుర్తులు, లోతుగా.
చిటికెన వేలు గుర్తు లేదు.
కరెంటు పోయిందంటే చాలు,
తలుపు తియ్యకండర్రా అని
ఇంట్లో అందరి మీదా అరుస్తున్నాను.